మధ్య సంతకం

జ్యేష్ఠం 4. తెప్పలపాలెం.

పొద్దున్నే మోకు చక్రాలకు ఆముదం పెట్టాను. మొత్తం నలభై రెండు. రెండొందల పన్నెండు ఇళ్లు నీళ్ల మీద ఒకచోట నిలబడి ఉన్నాయంటే ఆ చక్రాలకు చుట్టిన మోకుల వల్లే. పదిహేడోది ఎప్పటిలాగే మొరాయించింది. దాన్ని తిట్టడం కూడా నా ఉద్యోగంలో భాగమే అనుకుంటాను.

ఈ పుస్తకంలో రెండు నెలలుగా నేను రాస్తున్నాను. అంతకుముందు ఇరవై ఆరేళ్లు అత్త రాసింది. నా పేరు ముసలమ్మ. వయసు ముప్పై ఆరు. మా అమ్మ ముసలమ్మ తల్లికి మొక్కుకుని ఆ పేరు పెట్టింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేస్తే పని చూసుకోవచ్చు.

పది గంటలకు వరద కేంద్రం ఈ ఏటి మొదటి పరీక్ష పిలుపు పంపింది. అందలేదు.

ఇది చిన్న విషయం కాదు. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తితే రెండున్నర గంటల్లో ఆ నీళ్లు మా కింద ఉంటాయి. గేటు కదలగానే కేంద్రంలోని యంత్రం మా పిలుపు పెట్టెకు తానే కబురు చేస్తుంది. మేం అడగనక్కర్లేదు. కబురు అందగానే చక్రాలు తిరిగి మోకులు వదులవుతాయి, ఊరు నీళ్లతోపాటు పైకి లేస్తుంది. అందకపోతే బిగిసిన మోకులు ఇళ్లను లేవనివ్వవు, నీళ్లలోనే లాగిపట్టి ఉంచుతాయి. చేత్తో వదలాలంటే ఊరంతా పనిలోకి దిగినా అయిదు గంటలు పడుతుంది.

పెట్టెలో కేంద్రం వదిలి వెళ్లిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "సర్టిఫికెట్ సరిచూడలేకపోయాం. ఎదుటివారు ఎవరో నమ్మకం కుదరలేదు. దారి మూస్తున్నాం."

ఎవరో అట! ముప్పై ఒక్క ఏళ్లుగా ఇవే నీళ్ల మీద ఉన్నాం.

కేంద్రంలో మా పాయ సంగతులు చూసే ఇంజనీరు అచ్యుత్ గారు మధ్యాహ్నం ఫోన్ చేశారు. మర్యాద తెలిసిన మనిషి. మర్యాదగానే చెప్పారు.

"పరీక్షలు మూడు ఉంటాయి ముసలమ్మ గారూ. ఇవాళ ఒకటి అయింది. పన్నెండున ఒకటి, ఇరవైన ఒకటి. మూడూ తప్పితే మీది పిలుపు అందని ఊరు కింద లెక్క. వరదలకు ముందే మిమ్మల్ని గట్టుకు చేర్చాలి. రూలు."

"గట్టుకు చేర్చి?"

"బ్లాకుల్లో ఇళ్లిస్తారండి. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ."

అంటే రెండొందల పన్నెండు ఇళ్ల మనుషుల్ని తలో దిక్కూ పంచేస్తారన్నమాట. కిందటేడు మీదిపాయ వాళ్లని అలాగే తీసుకెళ్లారు. వాళ్ల తెప్పలు ఇప్పటికీ తుమ్మల్లో పడి కుళ్లుతున్నాయి, ఆ ఊరి పేరు ఇప్పుడు ఏ కాగితంలోనూ లేదు. మా ఊరికి ఆ గతి పట్టనివ్వను. ఇరవయ్యో తారీకు లోపల దీన్ని బాగుచేస్తాను. రాసి పెడుతున్నాను.

జ్యేష్ఠం 5.

మొదటి అనుమానం గడియారం మీద. పెట్టెలో తేదీ తప్పితే, అది మా పెట్టేనని చెప్పే ఆ సర్టిఫికెట్ గడువు లెక్కలన్నీ తలకిందులవుతాయి. చూస్తే పదకొండు నిమిషాలు వెనక నడుస్తోంది. ఎండ పలక మీద కొంగలు చేసిన నిర్వాకం వల్ల కరెంటు సరిగా అందడం లేదు. పలక కడిగాను, గడియారం దిద్దాను, అచ్యుత్ గారిని బతిమాలి ఒక ఉత్తుత్తి పిలుపు పంపించాను. అదే మాట. నమ్మకం కుదరలేదు.

రెండోది గడువు. కార్తీకం దాకా ఉంది. మూడోది పేరు. నిరుడు తుఫాను తర్వాత ఊరిని అర మైలు పడమరకు జరిపాం కదా, సర్టిఫికెట్లో పాత రేవు పేరే ఉండిపోయిందేమో అనుకున్నాను. లేదు. అత్త అప్పుడే కొత్త పేరుతో మళ్లీ సంతకం చేసి పెట్టింది. ఆమె పనిలో వంక దొరకదు. దొరికితే బాగుండునని ఇవాళ మొదటిసారి అనిపించింది.

అత్త పేరు ఎందుకు రాయడం లేదని బయటివాళ్లు ఎవరైనా చదివితే అడగొచ్చు. చైత్రంలో పోయింది. మా దగ్గర పోయినవాళ్ల పేరు ఏడాదిపాటు నీళ్లది. పలకం, రాయం. పడవ మీద ఉంటే చెరిపేస్తాం, ఎక్కడెక్కడ ఉందో వెతికి మరీ తీసేస్తాం. ఏరు దాటుతున్న మనిషిని వెనక నుంచి పిలిస్తే ఆగి తిరిగి చూస్తుంది, ఇటూ కాక అటూ కాక నడి ఏట్లో నిలిచిపోతుంది. అందుకని. ఏడాది తిరిగాక ఆ పేరు పుట్టిన బిడ్డకో కొత్త పడవకో పెడతాం. అత్త వస్తువుల్లో పేరు తీసే పని నేనే చేశాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

జ్యేష్ఠం 7.

నా ఫోన్ నుంచి పిలుపు పెట్టెను పలకరించి చూశాను. తాళం గుర్తు పచ్చగా వచ్చింది. బడి కంప్యూటర్ నుంచి చూశాను. పచ్చగా వచ్చింది. చేపల గిడ్డంగి నుంచి, మంత్రసాని ఇంటి నుంచి చూశాను. అన్నిచోట్లా పచ్చే.

మేం ఎటు నుంచి చూసినా మంచిది, వాళ్లు చూస్తేనే చెడ్డది. ఇంకేం కావాలి? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే ఎవరికీ తెలియదనుకుంటుందట. నాకు తెలిసింది.

జ్యేష్ఠం 9.

అచ్యుత్ గారు రెండు దారులు చెప్పారు.

మొదటిది: కేంద్రం తన వైపు సర్టిఫికెట్ చూడటం మానేస్తుంది, మేం మా వైపు అవతలివాళ్లెవరని అడగడం మానేయాలి. రెండు వైపులా తలుపులు బార్లా. లంకతెప్ప ఊరివాళ్లు మూడేళ్ల కింద ఇందుకు ఒప్పుకున్నారు. మాఘంలో, చుక్క వాన లేని రోజున, ఎవడో సరదాకి దొంగ పిలుపు పంపాడు. మోకులు వదులయ్యాయి. పైకి లాగే వరద లేక మోకులు చక్రాల నుంచి జారిపోయి, ముప్పై ఇళ్లు పోటుకు కొట్టుకుపోయి మడ అడవిలో తేలాయి. ఒక బాలింత ఉన్న ఇల్లు దొరకడానికి రెండు రోజులు పట్టింది.

"వద్దండీ," అన్నాను.

"అయితే రెండోది. మీ పెట్టె తాళం మాకు ఇచ్చేయండి. సర్టిఫికెట్ మేమే పెట్టి మేమే చూసుకుంటాం. మీకు శ్రమ ఉండదు."

"తాళం మీ దగ్గరుంటే మా మోకులు మీరు వదలొచ్చు, బిగించొచ్చు. అంతేనాండీ?"

"అవసరమైతే."

"అవసరం అని ఎవరు చెప్తారు?"

"మేమే," అన్నారాయన. అబద్ధం చెప్పనందుకు ఆ మనిషి మీద కొంచెం గౌరవం కలిగింది. తాళం మాత్రం ఇవ్వనన్నాను. మోకు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లది. మా పిల్లలకు అఆలకంటే ముందు ఈ మాట వస్తుంది.

జ్యేష్ఠం 12.

రెండో పరీక్ష పోయింది.

సాయంత్రం వలలు ఆరేసే తెప్ప మీద సభ పెట్టాం. నేనే నిలబడి మాట్లాడాను. మన పెట్టె బాగుంది, అన్నిచోట్ల నుంచీ చూశాను, కేంద్రమే కావాలని కాదంటోంది, మనల్ని గట్టెక్కించి ఈ పాయ ఖాళీ చేయించడానికే ఈ నాటకం అన్నాను. గొంతు పోయేలా అరిచాను. నాతోపాటు ఊరూ అరిచింది. గురవయ్య మావ ఒక్కడే అరవలేదు. మోకులు పేనే పెద్ద ఆయన. అత్త భర్త. ఆ మనిషి మాట్లాడితే మోకు గురించే మాట్లాడతాడు, లేకపోతే లేదు.

"కదిలేది లేదు" అని ఊరంతా వేలిముద్రలు వేసిన కాగితం కేంద్రానికి పంపాం. బాగా అనిపించింది. అన్నం ఎక్కువ తిన్నాను.

జ్యేష్ఠం 14.

ఇది రాయాలని లేదు. రాయకపోతే పుస్తకం ఎందుకు?

ఉప్పు పడవ మాణిక్యం ఏడాదికోసారి వస్తుంది, ఇవాళ వచ్చింది. పట్నంలో కొన్న కొత్త ఫోన్ చూపించి మురిసిపోతోంది. అది మా ఊరి గాలి ఎరగనిది. ఊరికే, కేంద్రం ఎంత అబద్ధాలకోరో ఆమెకు చూపిద్దామని, దాంతో మా పిలుపు పెట్టెను పలకరించమన్నాను.

"ఎర్రగా ఒచ్చిందేంటమ్మా?" అంది మాణిక్యం. "ఎదుటివారు ఎవరో నమ్మకం కుదరలేదు అంటంది. మీ ఊరు మంచిదేనా?"

లాక్కుని చూశాను. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. మాణిక్యం ఫోన్‌కు మా మీద ఏ పగా లేదు కదా.

కేంద్రం తప్పు కాదు. తప్పు మా దగ్గరే ఉంది. రెండు రోజుల కింద ఊరి ముందు అంత ఎగిరాను. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాణిక్యానికి రెండు కావిళ్ల ఎండుచేపలు ఇచ్చి, ఇంకెవరికీ చెప్పొద్దన్నాను. ఈ పాటికి మూడు రేవులకు తెలిసే ఉంటుంది.

పడుకుని ఆలోచించాను. మా ఊరి యంత్రాలు పెట్టెను నమ్ముతున్నాయి, కొత్తది నమ్మడం లేదు. మావాటికి తెలిసి, దానికి తెలియనిది ఏమిటి?

అర్ధరాత్రి దాటకముందే తెలిసింది. లేచి కూర్చున్నాను.

మా పెట్టె సర్టిఫికెట్ మీద సంతకం అత్తది, పేరు లేని అంకెల గుర్తు. అత్త సంతకానికి విలువ ఇచ్చింది నదీ సంఘాల మహాసభ. మూడు రోజులు పడవలో పోయి వాళ్ల చేత సంతకం చేయించుకుని వచ్చింది. కేంద్రానికి తెలిసింది మహాసభ ఒక్కటే. కాబట్టి ఎవరైనా పలకరిస్తే మా పెట్టె రెండు కాగితాలు చూపించాలి: "ఇది నేను, నాకు అత్త సంతకం ఉంది" అని ఒకటి, "ఇదిగో అత్త, ఈమెకు మహాసభ సంతకం ఉంది" అని ఇంకొకటి. మా ఊరి యంత్రాలు ఆ రెండో కాగితం ఎప్పుడో చూసి దాచుకున్నాయి. వాటికి మళ్లీ చూపించనక్కర్లేదు. అత్తను ఎన్నడూ చూడని యంత్రానికి మాత్రం మధ్య మనిషి లేకుండా మేం ఎవరికీ ఏమీ కాము.

ఆ రెండో కాగితం పెట్టెలో లేదు. దాని మీద అత్త పేరు ఉంది. చైత్రంలో, కళ్లు తుడుచుకుంటూ, నేనే తీసేశాను.

జ్యేష్ఠం 15.

గురవయ్య మావ మోకు పేనుతున్నాడు. ఎదురుగా కూర్చుని కాసేపు పేట పట్టుకున్నాను. తర్వాత చెప్పాను.

"మావా, పెట్టెలోంచి నేను తీసేసిన కాగితం ఒకటి మళ్లీ పెట్టాలి."

"పెట్టు. నన్నడుగుతావేటి?"

"అత్త పేరున్న కాగితం."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఇంకా పది నెలలుందే కోడలా."

"వరదకి పది నెలల్లేవు మావా."

"పిలిత్తే ఎనక్కి సూత్తది. నడి ఏట్లో నిలబడిపోద్ది. నీకది సమ్మతమేనా?"

"నువ్వు పేనిన మోకులే మన ఇళ్లని పట్టి ముంచుతాయి. నీకది సమ్మతమేనా?"

"నోరు బాగానే ఉంది," అన్నాడు. మళ్లీ రెండు బారలు పేనాడు. "ఎవడో గట్టు మీదోడి మిషనుకి నమ్మకం కుదరాలని, నా ఇల్లాల్ని నడి ఏట్లో ఆపాలా? ఆళ్ల కోసమా?"

నేనైనా ఇదే అడిగేదాన్ని. కేంద్రం ముందు తల వంచనని ఊరి చేత అరిపించినదాన్ని, ఇప్పుడు కేంద్రం యంత్రం కోసం మా ఆచారాన్ని వంచమంటున్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అత్త మీద కూడా వచ్చింది, ఇంత తొందరగా పోయినందుకు.

"ఆళ్ల కోసం కాదు మావా," అన్నాను. "ఊరు ములిగిపోతుంటే అత్త ఎనక్కి తిరక్కుండా ఎల్లిపోద్దా? నువ్వే చెప్పు. బతికుండగా ఒక్క కేకేస్తే పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు మనం పిలవకపోతే, రేపు అవతలి ఒడ్డున మనందర్నీ ఒక్కసారి చూసి ఏమంటాది? ఒక్కళ్లకీ నోరు లేదా అనదా?"

ఏడుపు వచ్చింది. ఏడ్చాను. మావ నా వైపు చూడలేదు, మోకు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"అంటాది," అన్నాడు. "బూతులు కూడా తిడతాది." పేట కింద పెట్టాడు. "రేపు పొద్దున్న నేనే పిలుత్తాను. నా కన్నా ముందు నువ్వు నోరెత్తకు. నేను పిలిసేకే నువ్వు రాసుకో."

జ్యేష్ఠం 16.

ఊరికి ముందే చెప్పాం. సభలో నేను అరిచినదంతా తప్పని కూడా చెప్పాను. కొందరు నవ్వారు. బంగారక్క మాత్రం నన్ను కడిగేసింది. పోయినదాన్ని పనికి పిలుస్తారా, ఇదేం కాలం అంది. ఆమె, ఇంకో పది ఇళ్ల వాళ్లు తలుపులు వేసుకున్నారు. వాళ్లను నేనేమీ అనను.

ఏడు గంటలకు మావ తూర్పు తెప్ప అంచున నిలబడ్డాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వీరవేణీ!" అన్నాడు. దగ్గి, మళ్లీ పిలిచాడు. "ఓలే వీరవేణీ! ఓపాలి ఇటు సూడే. ఊళ్లో పనడింది. అయ్యేకా నిన్నాపం, ఎల్లిపోదువు గాని."

అంతే. కూలి పనికి పిలిచినట్టు పిలిచాడు. నేను ముఖం కొంగుతో కప్పుకున్నాను.

ఇప్పుడు రాస్తున్నాను. ఓలేటి వీరవేణి. ఇరవై ఆరేళ్లు ఈ ఊరి చక్రాలు కాసిన మనిషి. నాకు పని నేర్పిన మనిషి. రెండు నెలలుగా ఈ పేరు గొంతులో అడ్డంపడి ఉంది.

పెట్టె తాళం వేరు, ఆమె సంతకం చేసే తాళం వేరు. అది ఆమెతోపాటే నీళ్లలోకి పోయింది. దాంతో ఇక ఎవరూ ఏమీ చేయలేరు. కానీ ఆమె ఎవరో చెప్పే కాగితం రహస్యం కాదు. మహాసభ పలక మీద ఫోన్లో ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడి నుంచి తెచ్చి, పెట్టెలో మా సర్టిఫికెట్ కింద చేర్చాను. ముందు మాది, తర్వాత ఆమెది. పావుగంట పని. ఈ పావుగంట పనికి ఊరు ఊరంతా పోయేది.

రెండు రేవుల అవతల ఉన్న మాణిక్యానికి ఫోన్ చేసి మళ్లీ చూడమన్నాను.

"పచ్చగా ఒచ్చిందమ్మా," అంది. "వీరవేణి అని కూడా సూపిత్తంది. ఎవరామె?"

చెప్పాను. గంటసేపు చెప్పాను.

జ్యేష్ఠం 20.

పది గంటల నాలుగు నిమిషాలకు పిలుపు అందింది. నలభై రెండు చక్రాలూ తిరిగాయి. మోకులు బార పొడవున వదులై, పరీక్ష కాబట్టి మళ్లీ బిగుసుకున్నాయి. పిల్లలు కేకలు పెట్టారు. బంగారక్క తలుపు తీసింది. తీసి, నా వైపు చూడకుండా మావకు మజ్జిగ ఇచ్చింది.

పదిన్నరకు అచ్యుత్ గారు ఫోన్ చేశారు.

"అందింది ముసలమ్మ గారూ. కానీ ఒక ఇబ్బంది. మీ మధ్య సంతకం వీరవేణి అనే ఆవిడది. ఆవిడ చైత్రంలో చనిపోయినట్టు మా దగ్గర నమోదై ఉంది. మా పైవాళ్లు అడుగుతున్నారు, చనిపోయిన మనిషి సంతకం ఎలా చెల్లుతుందని. ఈసారికి తాళం మాకిచ్చేస్తే..."

"సంతకం గడువు తీరిందాండీ?"

"లేదు. కార్తీకం దాకా ఉంది."

"మహాసభ రద్దు చేసిందా? రద్దు జాబితా మీ ముందే ఉంటుందిగా, చూడండి."

కాగితాల చప్పుడు. "లేదు."

"బతికుండగా చేసిందా, పోయాక చేసిందా?"

"బతికుండగానే."

"వందేళ్ల కింద మీ ఆనకట్ట కట్టినవాళ్లలో ఇవాళ ఎంతమంది బతికున్నారండీ?"

ఆయన కోసం ఆగకుండా నేనే చెప్పాను.

"ఒక్కరూ లేరు. నీళ్లు ఆగడం లేదా? మీ పైవాళ్లను అడగండి. ముందు ఆనకట్ట రద్దు చేసి, తర్వాత మా అత్త దగ్గరికి రమ్మనండి. కార్తీకం లోపల నేనే మహాసభకు పోయి నా సంతకానికి విలువ తెచ్చుకుంటాను. మూడు రోజుల పడవ ప్రయాణం. మా ఊరి తాళం మా ఊళ్లోనే ఉంటుంది."

అవతల కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత నెమ్మదిగా, "అందింది అని రాస్తున్నానండీ," అన్నారు అచ్యుత్ గారు. "ఆనకట్ట మాట కూడా రాయమంటారా?"

"రాయండి. అక్షరం తప్పకుండా రాయండి."

ఆషాఢం 9.

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. ఎగువన పద్దెనిమిది గేట్లు ఎత్తారు. ఇది పరీక్ష కాదు.

అన్నం ముందు కూర్చున్నాను. చక్రాల చప్పుడు వినిపించింది. నేను లేచి వెళ్లేసరికి మోకులు వదులవడం మొదలైపోయింది. మూడూ నలభైకి నీళ్లు వచ్చాయి. ఎర్ర నీళ్లు, చెట్ల మొదళ్లు, ఎవరిదో గడ్డివాము. అయిదు గంటలకల్లా ఊరు తొమ్మిది అడుగులు పైకి లేచింది. రెండొందల పన్నెండు ఇళ్లు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. నేను లెక్కపెడుతున్నంతసేపూ గురవయ్య మావ తూర్పు తెప్ప మీద నీళ్ల వైపు తిరిగి, "ఇంక ఎల్లు వీరవేణీ, పనైపోయింది, ఎల్లు," అంటూనే ఉన్నాడు.

పిలుపు అందాక మా పెట్టె కేంద్రానికి ఒక జవాబు పంపాలి. లేకపోతే అందలేదనుకుని వాళ్లు మళ్లీ మళ్లీ పిలుస్తారు. "అందింది" అనే ఒక్క మాట చాలని రూల్లో ఉంది. అంతకుమించి రాయకూడదని మాత్రం ఎక్కడా లేదు. నేను ఇలా పంపాను:

"అందింది. తెప్పలపాలెం ఇక్కడే ఉంది."